పేజీ వెనుక పేరు

బిష్కెక్ వీధుల్లో మంచు కరిగి బురదైన మధ్యాహ్నం. ఏజెంట్ ఎర్మెక్ లోపలికి రాగానే కర్నల్ బెర్మెట్ లాప్‌టాప్‌ని అతనివైపు తిప్పింది.

"ఈ వంటల సైట్ నీదేగా?"

"నాదే అక్కా. నిన్న లగ్‌మాన్ నూడుల్స్ వంటకం పెట్టాను."

"పైకి లగ్‌మానే. వెనకున్న కోడ్ చూడు."

చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

విదేశీ ముఠా నాయకుడు హార్ట్‌మన్ దగ్గర దుబాసీగా చేరిన డబుల్ ఏజెంట్ నురిజా. అక్కడి రహస్యాల్ని వంటకాల్లో దాచి వర్డ్ ఫైల్‌గా పంపుతుంది. వర్డ్ ఒంటరిగా రాదు. ఫాంట్లు, కొలతలు, రాసినవాళ్ళ పేరు, అన్నీ మోసుకొస్తుంది. ఆ చెత్తంతా ఊడ్చి, ఉత్త అక్షరాలకి పేరాలూ శీర్షికలూ చేత్తో కట్టి సైట్‌లో పెట్టడం ఎర్మెక్ పని. నిన్న కోక్‌బోరు గుర్రపు పోటీకి టైమైపోతోందని ఫైల్‌ని వర్డ్‌లోనే వెబ్ పేజీగా సేవ్ చేసి ఎక్కించేశాడు. తెర మీద లగ్‌మాన్. వెనక 'రచయిత: నురిజా'.

అతనికి తల కొట్టేసినట్టయింది.

"ముఠా రహస్యాలు ఈ సైట్‌లోంచే బయటికి పోతున్నాయని వాళ్ళ టెక్నీషియన్‌కి అనుమానమొచ్చింది," అంది బెర్మెట్. "ఇప్పుడు పేజీ తీసేస్తే ఆ అనుమానం ఖాయమైపోతుంది. కాసేపట్లో చాయ్‌ఖానాలో హార్ట్‌మన్ ముందే కోడ్ విప్పుతాడు. పక్కనే నురిజా. ముఠా కొట్టేసిన ఆనకట్ట గేట్ల తాళం కోడ్ ఆ పిల్ల లిప్‌స్టిక్‌లో దాచి ఉంది. నీ పోటీ సరదాకి ఆ పిల్ల ప్రాణం పోతుందిరా!"

నురిజాని బయటికి తీసుకురావడానికి ఎర్మెక్ వెయిటర్ వేషంలో చాయ్‌ఖానా చేరేసరికి టెక్నీషియన్ లాప్‌టాప్ తెరుస్తున్నాడు. ఎర్రకోటులో నురిజా హార్ట్‌మన్ జోకుకి పడీపడీ నవ్వుతోంది. ఆమెకేమీ తెలియదు. ఆ నవ్వు చూడలేక ఎర్మెక్ సిగ్గుతో తల దించుకున్నాడు.

ట్రే చాటున ఫోన్ తీశాడు. వర్డ్ చెత్తంతా వరస వరసగా చెరిపాడు. ఒక్క పేరు మాత్రం మార్చి ఉంచాడు.

"పైకి చూస్తే వర్డ్‌లో చేసిన పేజీలా ఉంది సార్," అంటున్నాడు టెక్నీషియన్. "రాసినోడి పేరు లోపలే ఉంటుంది."

"చదువు," అన్నాడు హార్ట్‌మన్, పిస్టల్ మీద చెయ్యేసి.

ఎర్మెక్ బొటనవేలు 'సేవ్' నొక్కింది. లాప్‌టాప్ మీద పేజీ తెరుచుకుంది.

టెక్నీషియన్ కోడ్ విప్పి చదివాడు. "సార్... ఇక్కడ మీ పేరే ఉంది."

"ఏం కూశావ్?"

ద్రోహి తమ నాయకుడేనా అన్నట్టు అంగరక్షకుల తుపాకులు మెల్లగా అతనివైపు తిరిగాయి.

"మీరు మీరు తేల్చుకోండి. నేను లిప్‌స్టిక్ దిద్దుకొస్తా," అంటూ నురిజా లేచి వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో కారులో ఎర్మెక్ ఆమెకి జరిగిందంతా చెప్పాడు. దాచలేదు. "క్షమించమని అడగడానిక్కూడా నాకు ముఖం లేదు."

నురిజా లిప్‌స్టిక్ తీసి డాష్‌బోర్డు మీద పెట్టింది.

"మా అమ్మ దగ్గర కూడా దాచుకున్న పనయ్యా ఇది. ఊరంతా చాటావు."

ఎర్మెక్ హీటర్ ఆమెవైపు తిప్పాడు.

"సరేలే," అంది ఆమె. "నాకు వంట రాదని మా అమ్మ రోజూ ఏడుస్తుంది. ఒక్క వంటకం మీద నా పేరుంటే అదీ చెరిపేశావు. ఆవిడకి చూపించాకైనా చెరపాల్సింది!"