ఆషాఢంలో అగ్రిమెంటు

“అగ్రిమెంటులో మీ ఆవిడ పేరు చేర్చడానికి నాకేం అభ్యంతరం లేదు బాబూ. కానీ ఆషాఢం వెళ్ళాకే,” అంది సుబ్బలక్ష్మిగారు, వాకిట్లో వాననీళ్ళు చీపురుతో తోస్తూ.

దత్తసాయి చీపురుకు అడ్డం తప్పుకుని మెట్టెక్కి నిలబడ్డాడు. ఏలూరులో ఆవిడ మేడమీద వాటాలో ఒక్కడే అద్దెకుంటున్నాడు. పెళ్ళయి పట్టుమని పది రోజులైనా కాకుండానే ఆషాఢం వచ్చి, హర్షిణిని తాడేపల్లిగూడెం పుట్టింటికి పట్టుకుపోయింది. ఆమెకు ఏలూరు కాలేజీలోనే ఉద్యోగం దొరికింది. రేపు చేరాలి. ఆ తర్వాత రోజూ రైల్లో వచ్చి రైల్లోనే వెళ్ళిపోతే, తనకు మిగిలేది ప్లాట్‌ఫారం మీద ఓ టీ.

“కొత్త కోడలూ అత్తగారూ ఒక గడప దాటకూడదు, అంతేకదండీ? మా అమ్మ ఉండేది కలిదిండిలో!”

“శాస్త్రం శాస్త్రమే బాబూ.”

ఫోన్లో హర్షిణికి సంగతి చెప్పాడు.

“ఇక్కడా వానేనండీ. బయటికెళ్తే గొడుగు తీసుకెళ్ళండి,” అంది.

గొడుగు మాట చెప్పిన గొంతులో ఏడుపుంది. ఆమెను చూడకుండా ఉండటం ఇక తన వల్ల కాదనిపించింది దత్తసాయికి.

సాయంత్రం గేటు చప్పుడైంది. సూట్‌కేసుతో, సగం తడిసి, హర్షిణి!

“నేను కోడలిగా రాలేదు పిన్నిగారూ. అద్దెకొచ్చాను. మీరు ఒప్పుకుంటే మా అమ్మకీ సరేనంట.”

సుబ్బలక్ష్మిగారు ఆమెను ఎగాదిగా చూసింది. “ముందు లోపలికి రా తల్లీ, జలుబు చేస్తుంది.”

తువ్వాలుతో హర్షిణి తల తుడిచింది. అగ్రిమెంటు తెచ్చి, దత్తసాయి పేరు కింద ఆమె పేరు రాసి, సంతకం పెట్టించింది. దత్తసాయి సూట్‌కేసు ఎత్తబోయాడు.

“ఆగు బాబూ. శ్రావణం వచ్చేదాకా మేడ అమ్మాయిది. నువ్వు కింద, మా ముందు గదిలో.”

“అద్దె కట్టేది నేనండీ!”

“అందుకే ముందు గదికి అద్దె అడగట్లేదు.”

హర్షిణి పమిటతో నోరు మూసుకుంది.

కాసేపటికి ఆమె రెండు గ్లాసులతో కాఫీ తెచ్చింది. మేడ మెట్లలో పై మెట్టు మీద తను కూర్చుని, అతనికి కింది మెట్టు చూపించింది.

“తాడేపల్లిగూడెం కంటే దగ్గరేగా అండీ?”

“దగ్గరే. అదే కష్టంగా ఉంది,” అన్నాడు.

లోపల సుబ్బలక్ష్మిగారు టీవీ సౌండు పెంచింది. హర్షిణి గ్లాసు పట్టుకుని, ఒక్క మెట్టు కిందికి జరిగింది.