చుక్క కాళ్లకు కారం

పొద్దున్నే నానబెట్టిన తునికాకును వజ్రమ్మ బీడీలకు కత్తిరిస్తోంది గానీ, చెవులు మాత్రం ఫోన్ దగ్గరే ఉన్నాయి. ఖతర్‌లో ఉన్న మొగుడు జలపతి రోజూ గుర్రానికి దాణా పెట్టగానే ఇంటికి ఫోన్ చేస్తాడు. నిన్న చెయ్యలేదు. మొన్నా లేదు. అరుగు మీద అత్త అంజవ్వ బియ్యం చెరుగుతూ, ఉండుండి కోడలి మొహం చూస్తోంది.

"పెద్ద కప్పు గెలిచిండ్రు గద, పనిల వడ్డడేమో," అంది అంజవ్వ.

"పనిల వడితే ఒక్క ఫోన్ చెయ్యరాదా? నువ్వు సప్పుడు జెయ్యకుండ కూసో అత్త."

వజ్రమ్మ నోటి సంగతి కోరుట్లలో ఆ వాడకంతా తెలుసు. మనిషి మంచిదే, కోపమొస్తే మాత్రం ముందూ వెనకా చూసుకోదు. పోయినేడు అత్త తనకు తెలియకుండా ఆడబిడ్డకు చీర పెట్టిందని పొయ్యి వేరు చేసి కూర్చుంది. జలపతి ఫోన్లో బతిమాలగా బతిమాలగా మళ్లీ కలిసింది. "ఇంకొక్కసారి నా వెనుక ఏమన్న జేస్తే ఇంట్ల ఆమెనన్న ఉండాలె, నేనన్న ఉండాలె," అని ఆనాడే తెగేసి చెప్పింది.

సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు బందయ్యాక జలపతి ఖతర్ వెళ్లాడు. తోటపని అని తీసుకుపోయిన ఏజెంటు గుర్రాల లాయంలో దింపాడు. మేకను కూడా పెంచి ఎరుగని మనిషాయె! అడ్డకట్టెలు దూకే పోటీల కోసం కొన్న ఒక ఆడగుర్రాన్ని అతని చేతికి అప్పగించారు. నీళ్ల గుంట చూస్తే బిగుసుకుపోయేది, కట్టె తగిలితే వణికేది. ఇది ఎందుకూ పనికిరాదు, అమ్మేద్దామనుకున్నారట. జలపతి దాని పక్కనే గడ్డిలో పడుకుని, సాంచాల మీద పాడుకున్న పాటలన్నీ దానికి పాడి మచ్చిక చేసుకున్నాడు. కాలు పట్టుకోనిచ్చేది అతన్నొక్కడినే. దాని అసలు పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని అతను పెట్టుకున్న పేరు చుక్క.

ఆ చుక్క మొదట చిన్న పోటీలు గెలిచింది. తర్వాత దేశంలో పెద్దవి, ఆపైన విమానమెక్కి పరాయి దేశాల్లోనూ గెలిచింది. మనిషెత్తు కట్టెలను ఒక్కటీ పడకుండా దూకేది. ఎక్కడికి పోయినా పక్కన జలపతి ఉండాల్సిందే. ఈమధ్య ఛాంపియన్ కప్పు పోటీ రోజున గల్లీ అంతా వజ్రమ్మ ఫోన్ మీదికి వంగింది. మా చుక్క అని ఆమె అందరికీ చక్కెర పంచింది.

ఫోన్ మోగింది. జలపతి కాదు, నర్సింగం. రుద్రంగి ఊరి మనిషి, అదే లాయంలో పనిచేస్తాడు.

"వదినా, అన్నను ఆఫీసుల కూసోవెట్టిండ్రు. సెల్ గుంజుకున్నరు. పరీక్ష జేస్తే చుక్క కాళ్ల మీద కారం దొరికిందట."

"కారమేంది నర్సింగం?"

"కాళ్లకు కారం రాస్తే కట్టె తాకినప్పుడు మండుతది. గా మంటకు భయపడి గుర్రం ఇంక మీదికి దుంకుతది. గది దొంగాట. కప్పు వాపస్ తీసుకున్నరు. అన్ననే రాసిండని, పోలీసోళ్లకు ఇస్తమని అంటున్నరు. అన్నేమో నోరు ఇప్పుతలేడు."

ఆ దేశం జైళ్లలో పడ్డవాళ్ల కథలు వజ్రమ్మ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. ఎప్పుడొస్తారో తెలియదు, అసలొస్తారో రారో తెలియదు.

"అక్కడ కారం ఎక్కడిది? గుర్రం కాడ కారం పనికిరాదు, పంపకు అని నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నడు గద."

వెనక చాట కిందపడింది. అంజవ్వ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అత్తా?"

"మామిడికాయ తొక్కు," అంది అంజవ్వ. "నర్సింగం సెలవుకు అచ్చి పోంగ, సకినాలని చెప్పి డబ్బల పెట్టిచ్చిన. పిలగాడు ఎండుకపోయిండు బిడ్డా. ఫోన్ల చూస్తే మెడ బొక్కలు కనవడ్డయి."

ఇంక చెప్పడానికేముంది? తల్లి పంపిన తొక్కు పచ్చడి అన్నంలో కలుపుకుని కడుపారా తిన్నాడు. చెయ్యి కడుక్కునే ఉంటాడు. నూనెలో ఊరిన ఎర్రకారం ఒక్క కడుగుకు పోతుందా? అదే చేత్తో గుర్రం కాళ్లు నిమిరి పట్టీలు చుట్టాడు.

"కన్న కొడుకును నీ చేతులతోనే జైలుకు తోలినవ్ గద," వజ్రమ్మ లేచి నిలబడింది. "నాకొక్క మాట చెప్తే నీ నోరు వడిపోవునా?"

"చెప్తే పంపనిత్తువా?"

"పంపనియ్య. అప్పుడు నా మొగడు నాకు దక్కుతుండె. లే. జగిత్యాల పో, నీ బిడ్డ దగ్గరికి. నా కండ్ల ముంగట ఉండకు."

అంజవ్వ లేచింది. రెండు చీరలు సంచిలో కుక్కుకుని గడప దాకా వెళ్లింది.

"వదినా," అని వినిపించింది. ఫోన్ ఇంకా కట్ కాలేదు. నర్సింగం అంతా విన్నాడు.

"గిందుకే వదినా అన్న నోరు ఇప్పుతలేడు. పొద్దుగాల కిటికీలకెల్లి అడిగిన, ఉన్నదేందో చెప్పరాదే అని. నిజం చెప్తే అవ్వను వజ్ర ఇంట్ల ఉండనియ్యది, జైలుకన్న నాకు గదే భయమైతుందిరా అన్నడు. నాకప్పుడు సమజ్ కాలే."

వజ్రమ్మ గడప వైపు చూసింది. ఎడారి దేశంలో, పోలీసుల పేరెత్తి బెదిరించేవాళ్ల మధ్య కూర్చుని ఆ మనిషి భయపడుతున్నది ఎవరికి? తనకు. తను ఏమంటుందోనని అతను భయపడ్డ మాటలు ఇప్పుడే, ఈ నోటితోనే అనేసింది. సిగ్గుతో తల పైకెత్తలేకపోయింది.

"అత్తా, పోకు," అంది. వెళ్లి ముసలామె చేతిలోంచి సంచి తీసుకుంది. "నర్సింగం, నా మాట రికార్డు చేసుకో. ఎట్లన్న చేసి ఆయనకు వినిపియ్యి. ఇగో, నేను వజ్రను. తొక్కు సంగతి తెలిసింది. అవ్వ నా పక్కకే ఉన్నది, ఇక్కడనే ఉంటది. నీ మీద ఒట్టు, ఆమెను ఒక్క మాట గూడ అన. నీ కాల్మొక్కుత, నిజం చెప్పు."

అంజవ్వ కూడా ఫోన్ దగ్గరికి వంగింది. "తప్పు నాది కొడుకా. మీ అవ్వ పేరు చెప్పు. నర్సింగంకు కూడ ఎరుక లేదని చెప్పు."

ఆ పగలంతా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఫోన్ ముందర అత్తాకోడళ్లు కూర్చుండిపోయారు. గల్లీలో బండి హారన్ కొట్టినా ఫోనేమోనని ఇద్దరూ చూశారు. ఏం చెప్పాడో, ఎవరు నమ్ముతారో, అక్కడికి పోలీసులు వచ్చేశారో. వజ్రమ్మ అత్త చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పొద్దు గూకే వేళకు జలపతి ఫోన్ వచ్చింది.

"నీ మాట విన్న. ఉన్నది చెప్పిన," అన్నాడు. "డబ్బ తీసుకపోయి చూసిండ్రు. గుర్రాల డాక్టర్ నమ్మిండు. పోలీసోళ్లకు ఇయ్యరట. ఇంటికి తోలిస్తరట."

వజ్రమ్మ అత్త వైపు తిరిగి, వస్తున్నాడని సైగ చేసింది.

"చుక్కను ఇగ నన్ను ముట్టనియ్యరు వజ్రా. దాన్ని ఈ ఏడు పోటీలకు రానియ్యరట. దూరంకెల్లి నన్ను చూసి ఒకటే సకిలిస్తుంది."

అతని ఏడుపు ఆగేదాకా ఆగి వజ్రమ్మ మెల్లగా అడిగింది. "నేనంటే గంత భయమా నీకు?"



"పొద్దటి దాంక ఉండె," అన్నాడు జలపతి.

వజ్రమ్మ ఫోన్‌ను అత్త చెవికి ఆనించి, ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది.