రెండో యాక్సిల్

బద్వేలు దాటాక, మలుపు పక్క గోతిలో జయకుమార్ శవం. తల వెనుక ఒకే దెబ్బ.

పాత చాసిస్ మీద స్నేహితుడు రాజశేఖర్‌తో కలిసి ఆయన కట్టించిన స్పోర్ట్స్ కారు పక్కనే పడి ఉంది. తొలి ప్రయాణం. ముందు భాగం నుజ్జయింది. వెనుక భాగం చెక్కుచెదరలేదు.

చూసినవాడు తన కారులో అదే దారిన వచ్చిన రాజశేఖర్ ఒక్కడే.

మధ్యాహ్నం సీఐ చౌడేశ్వరి కారును, దాన్ని కట్టిన కమలాపురం షెడ్డుకే తెప్పించింది. మెకానిక్ ఏసేపు గోడకు ఆనుకొని నిలబడ్డాడు. అతను బిగించిన, వెనుక చక్రాలను తిప్పే యాక్సిలే ప్రాణం తీసిందని రాజశేఖర్ ఫిర్యాదు. సాయంత్రానికి రిమాండు.

“మళ్లీ చెప్పండి,” చౌడేశ్వరి రాజశేఖర్‌ను అడిగింది.

“చదును రోడ్డు మేడం. నా కారు నూటపదిలో ఉండాది. అయినా నన్ను దాటుకోని పాయ. వెనక చక్రం అల్లాడతాండె. మలుపులో పడె.” ఏసేపు వైపు తిరిగాడు. “ఏమప్పా, ఈ యాక్సిల్ ఏస్తే జింక మాదిరి ఉరుకుతాదంటివే? ఉరికింది లే.”

జైలుకు భయపడేవాడు తలుపు వైపు చూస్తాడు. ఏసేపు తన చేతులనే చూసుకుంటున్నాడు.

మూలన గోనెపట్టా కింద మరో యాక్సిల్. నూనె తడి ఆరలేదు.

“ఇది ఏ కారుది?”

“ఈ కారుదే మేడం.”

రాజశేఖర్ చటుక్కున తలెత్తాడు.

“ఆదివారం పాస్టరయ్య బండికి ప్రార్థన చేసినాడు. ఆపైన తొలి ప్రయాణం అయ్యేదాకా నట్టు విప్పగూడదు. మా సంఘంలో ఎవురూ విప్పరు. మర్నాడు జయన్న వచ్చి, ‘ఆ వేగం తలుచుకుంటే భయమైతాంది, జీపుది ఎయ్యి, ఎవురికీ చెప్పొద్దు’ అన్యాడు. ఏసినా. నేను విప్పినందుకే దేవుడు...”



కారు వెనుక భాగాన్ని జాకీలపై లేపారు. కానిస్టేబుళ్లు రెండు చక్రాలనూ కలిపి ఒక్క చుట్టు తిప్పారు. ఇంజిన్ నుంచి యాక్సిల్‌కు వచ్చే, సుద్ద గీత పెట్టిన షాఫ్ట్ ఐదు చుట్లు దాటింది. మూలనున్న మొదటి యాక్సిల్‌ను అలాగే తిప్పితే నాలుగు చుట్లైనా కాలేదు.

“అంటే?”

“ఈ జీపు యాక్సిల్‌తో ఇంజిన్ ఎంత తిరిగినా చక్రం తక్కువ తిరుగుతాది. చదునులో ఎనభై దాటదు మేడం. దాటిస్తే ఇంజిన్ పగులుతాది.”

చౌడేశ్వరి రాజశేఖర్‌ను చూసింది.

“మరి నూటపదిలో ఉన్న మిమ్మల్ని ఎలా దాటింది?”

అతను తలుపు వైపు చూశాడు.

“ప్రార్థన అయ్యాక ఎవరూ విప్పరని నమ్మారు. అందుకే మొదటి యాక్సిల్ వేగం చెప్పారు. కారు మిమ్మల్ని దాటలేదు. ఆగి ఉంది. ఆయన్ని కొట్టాక మీరే దాన్ని గోతిలోకి తోశారు. కారును బెంగళూరులో అమ్మే బేరానికి జయకుమార్ ఒప్పుకోలేదని ఆయన భార్య రత్నమణి చెప్పింది. మీ కారులో నట్లు విప్పే వీల్ స్పానర్ ఎక్కడ?”

“కొట్టాలని పోలేదు మేడం...”

పోలీసు జీపు అతన్ని తీసుకుపోయింది.

“అయితే నేను సంపలేదా?” ఏసేపు అడిగాడు.

“లేదు. నువ్వు విప్పకపోయి ఉంటే అతని అబద్ధమే నిజంగా మిగిలేది.”

ఏసేపు చాలాసేపు తన చేతులను చూసుకున్నాడు. ఆ చేతులతోనే కారును జాకీల మీద నుంచి మెల్లగా దించాడు.