గుమ్మం చెక్క మీద పెన్సిలు గీతలు

మధ్యాహ్నం మూడు గంటలు..! అయినా సూర్యుడి జాడ లేదు. ఆకాశమంతా కారుమేఘాలు కమ్ముకున్నాయి. దిక్కులు అదిరేలా ఉరుములు... కళ్ళు మిరుమిట్లు గొలిపే మెరుపులు... పట్టపగలే రాత్రనుకుందో ఏమో, ఎదురింటి పిట్టగోడ మీద ఒక గుడ్లగూబ అదే పనిగా కూస్తోంది. ఆ ఘోరమైన వేళ, ఆ ఇంటి ముందుగదిలో ఒక స్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని... సోఫా దిండ్ల నడినెత్తిన అరచేత్తో ఒక్కొక్క దెబ్బ వేస్తోంది!

కంగారు పడకండి. అది క్షుద్రప్రయోగం కాదు, ఆమె ఉద్యోగం. అలా కొడితే దిండు రెండు చెవులూ నిక్కబొడుచుకుని ఫోటోలో అందంగా పడుతుంది. అమ్మకానికి పెట్టిన ఇళ్ళను కొనేవాళ్ళ కంటికి ఇంపుగా సర్దిపెట్టడం ఆమె పని. ఆమెకూ ఆమె చెల్లెలికీ కలిపి ఉన్న ఆస్తి ఒక పాత వ్యాను, దాని నిండా అద్దాలు, దీపాలు, ప్లాస్టిక్ నిమ్మకాయలు. తెలిసినవాళ్ళంతా ఆమెను అక్క అనే పిలుస్తారు. మనమూ అలాగే పిలుద్దాం.

ఇల్లు సర్దమన్నది అరవై ఏళ్ళ పెద్దమనిషి. కుడి అరచేతికి కట్టు, ఎప్పుడూ తడిగా మెరిసే కళ్ళు. "మా అన్నావదినల ఇల్లమ్మా. ఇద్దరూ పోయారు. వాళ్ళ గుర్తు ఒక్కటి కూడా మిగలకూడదు. మేకుతో సహా పీకేసి, అన్నీ కాల్చేయండి" అన్నాడు. భోజనాల గదిలో అద్దానికి ఎదురుగా అలమరలో ఒక నల్లపెట్టె పెట్టి, "దీన్ని మాత్రం కదిలించొద్దు" అని వెళ్ళాడు.

గుర్తులు తీసేయడం ఈ పనిలో మొదటి మెట్టే. ఎవరిదీ కానట్టు కనిపిస్తేనే, చూడవచ్చినవాళ్ళు ఆ ఇంట్లో తమను తాము ఊహించుకుంటారు. కానీ కాల్చడం మాత్రం అక్క వల్ల కాలేదు. కొత్తలో ఒక ఇంట్లో చెయ్యి విరిగిన బొమ్మను చెత్తలో వేసింది. దానికోసం ఒక ముసలాయన మూడుసార్లు తిరిగి వచ్చి, ఖాళీ చేతులతో వెళ్ళాడు. అప్పటినుంచీ ఆమెకు ఒకటే నియమం... తీసిందేదీ పారేయకూడదు! ముందు ఫోటో తీయాలి, తర్వాత చీటీ అంటించాలి, ఆఖరున ఇంటివాళ్ళకు అప్పగించాలి. అందుకే ఫోన్‌లో "కాల్చేశామండీ" అని చెప్పి, అన్నిటినీ అట్టపెట్టెలో పెట్టి వ్యానులో దాచింది. ఆ అబద్ధం పొద్దున్నుంచీ ఆమెను కుదురుగా ఉండనివ్వడం లేదు. పెట్టిన దీపాన్నే మళ్ళీ జరుపుతోంది, పరిచిన దుప్పటినే మళ్ళీ పరుస్తోంది.

"అక్కా, వస్తువులు తీసేసినకొద్దీ మన వెనకాల ఎవరో తిరుగుతున్నట్టుందే" అంది చెల్లెలు.

"తిరిగేది నేనే. కబుర్లాపి కుర్చీలు చూడు."

అదీ వాళ్ళ పద్ధతే. సర్దడం అయ్యాక ప్రతి కుర్చీలో కూర్చుని, కొనేవాళ్ళ కళ్ళతో గదిని చూసుకోవాలి. చెల్లెలు నవ్వుతూ భోజనాల గదిలోకి వెళ్ళింది. నాలుగు ఖాళీ కంచాలు పెట్టిన బల్ల దగ్గర, ఇంటి ఇల్లాలు కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఎదురుగా అద్దం... అద్దంలో నల్లపెట్టె...

ఫెళ్ళుమని పిడుగు పడింది!

పెట్టె మూత దానంతటదే తెరుచుకుంది. లోపల ఎర్రగుడ్డ మీద ఒక కపాలం! దాని కంటి గుంతల్లో నీలిజ్వాలలు భగ్గుమన్నాయి. చెల్లెలి నోట్లోంచి మనిషిది కాని ఆర్తనాదం వెలువడింది. జుట్టు విడిపోయి గాలిలో లేచింది. కనుగుడ్లు తెల్లబడ్డాయి. కుర్చీ చేతుల్ని పట్టుకున్న ఆమె వేళ్ళ కింద కొయ్య పటపటమని చిట్లుతోంది!

అక్క పరుగున వచ్చి ఆమెను కుర్చీలోంచి లాగబోయింది, కదల్లేదు. ఈ ప్రపంచంలో ఆమెకు ఉన్నది ఆ చెల్లెలొక్కతే.

"ఫలించింది!" అంటూ వాకిట్లోంచి వికటాట్టహాసం వినిపించింది. పెద్దమనిషి లోపలికి వచ్చాడు. ఒంటి మీద నల్లబట్టలు, చేతిలో పొగలు చిమ్ముతున్న దివ్వె. "ఎవరిదీ కాని గృహం... గృహిణి ఆసనంలో ఒక స్త్రీ! ఆవహించు, మహాశక్తీ, ఆవహించు! ఈ దేహం నీది... ఈ గూడు నీది... నువ్వు నా దానివి!"

"సార్, మీకు దండం పెడతాను, నా చెల్లెల్ని వదిలేయండి!"

"నన్ను కన్నతల్లిలా పెంచింది మా వదిన. కానీ ఈ ఇంట్లో ఆవిడ గుర్తు మీద చెయ్యి వేస్తే నా చెయ్యే కాలింది. అందుకే పరాయి చెయ్యి కావలసి వచ్చింది. చక్కగా ఊడ్చిపెట్టావు! దివ్వె ఆరేలోపు నీ చెల్లెలు ఇక ఉండదు" అన్నాడు, దివ్వెను నల్లపెట్టె పక్కన పెడుతూ.

ఎవరిదీ కాని ఇల్లు! ఆ మాట అక్క గుండెలో ముల్లులా దిగింది. అలా చేసింది ఎవరు? తనే కదా! చేసిన చేతులే సరిదిద్దాలి.

ఆమె వర్షంలోకి పరుగెత్తింది. అట్టపెట్టె ఎత్తుకుని వచ్చింది. తడిచేతుల్లో ఫోన్ జారిపోతోంది. మొదటి ఫోటో... పొయ్యి పక్కన మేకు, దానికి మాసిన చేతిగుడ్డ. తగిలించింది. చెల్లెలి అరుపు ఒక్క క్షణం ఆగింది! రెండో ఫోటో... కిటికీలో మూత పగిలిన ఊరగాయ జాడీ. పెట్టింది. ఇల్లంతా ఒక్కసారి నిట్టూర్చినట్టయింది.

"అవి... అవి కాల్చలేదా!" మాంత్రికుడి మొహం పాలిపోయింది. అక్క పడకగది గోడకు పాత పటం తగిలిస్తుంటే, ఆమెను పట్టుకోవడానికి లోపలికి ఉరికాడు. కాలు తట్టుకుని మంచం మీద పడ్డాడు. పట్టుదుప్పటి కింద ఉన్నవి ఖాళీ అట్టపెట్టెలని అతనికేం తెలుసు! అమ్మకానికి పెట్టిన ఇంట్లో నిజం మంచం ఎవరు మోస్తారు? నడుము దాకా కూరుకుపోయి గింజుకుంటుండగా అక్క అతన్ని దాటుకుని వచ్చేసింది.

ఇక మిగిలింది వంటింటి గుమ్మానికి కొట్టి ఉండే పొడవాటి చెక్కపట్టీ. దాని మీద ఏటేటా పిల్లల్ని నిలబెట్టి కొలిచిన పెన్సిలు గీతలు... బాబు, పాప, బుల్లోడు. అక్క పట్టీని గుమ్మానికి ఆనించి మేకు మీద సుత్తి వేసింది. దివ్వె మినుకు మినుకుమంటోంది. ఒకటి... రెండు... మూడో మేకు దిగింది!

ఉరుములు టక్కున ఆగిపోయాయి. వంటింట్లోంచి ఒక గొంతు వినిపించింది. కేక కాదు, గర్జన కాదు. పొయ్యి మీద పని చూసుకుంటూ పిల్లల్ని పిలిచే ఇల్లాలి గొంతు.

"బుల్లోడా... ఇలా రా. నిటారుగా నిలబడు. మడమలెత్తకు."

అరవై ఏళ్ళ మాంత్రికుడు అట్టపెట్టెల్లోంచి లేచి వచ్చాడు. అతని కాళ్ళు తమంతట తామే గుమ్మం వైపు నడిచాయి. చిన్నపిల్లాడిలా చెక్కకు వీపు ఆనించి నిలబడ్డాడు. "వదినా..." అన్నాడు. అక్కడే ఆగి ఉంటే అతను బతికిపోయేవాడే. అక్కకు ఆ మొహం చూసి జాలి కూడా వేసింది.

కానీ దివ్వె ఇంకా ఆరలేదు. ఆశ చావలేదు! అతను కత్తి దూసి చెక్క మీద పడ్డాడు. పాప గీత మీద పెట్టగానే కత్తి జారిపోయింది, బాబు గీత మీద మొన విరిగింది. మిగిలింది బుల్లోడి గీతలు. అవి అతనివే. వాటిని చెక్కడానికి అతనికి ఏ అడ్డూ లేదు. పిచ్చెత్తినట్టు చెక్కేశాడు! పొట్టు జలజలా రాలింది.

"నీ గీతలు నువ్వే చెరిపేసుకున్నావేంట్రా..." అంది ఆ గొంతు. ఎంత బాధ ఉందో ఆ మాటలో!

ఇప్పుడు ఆ ఇల్లు ఆ ఇల్లాలిదీ, ఆమె పిల్లలదీ. కుర్చీలో ఉన్న పిల్లకు తన అక్క ఉంది. ఆ కప్పు కింద ఎవరికీ ఏమీ కానివాడు ఒక్కడే! కపాలంలోని నీలిజ్వాల చెల్లెల్ని వదిలి, గూడు వెతుక్కుంటూ మహాసర్పంలా లేచి... మాంత్రికుణ్ణి చుట్టేసింది! "వదినా! వద్దు... వదినా!" దిక్కులు పిక్కటిల్లే కేక. కపాలం వేయి ముక్కలైంది. అతను నిలబడ్డ చోట గుప్పెడు బూడిద, కాలని కట్టుగుడ్డ మిగిలాయి.

గుడ్లగూబ ఎగిరిపోయింది. కిటికీలోంచి సాయంకాలపు ఎండ పడింది.

"అక్కా, నిద్రపోయానా? ఆ కుర్చీలో మాత్రం వెలుతురు బాగా పడట్లేదే" అంది చెల్లెలు కళ్ళు నులుముకుంటూ. అక్క ఆమెను కావలించుకుని బావురుమంది.

చెక్కపట్టీ అడుగున 'పాప' అని పెన్సిలుతో రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే, మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి కూతురు వచ్చింది. ఇల్లు అమ్మకానికి పెట్టిన సంగతే ఆవిడకు తెలియదు. గదులన్నీ తిరిగి, గుమ్మం దగ్గర ఆగి, చెక్క తడిమింది.

"ఇక్కడ మా బాబాయివి కూడా ఉండాలే... అమ్మ ఎప్పుడూ ముందు ఆయన్నే కొలిచేది. ఏమయ్యాయి?"

అక్క సంచీలోంచి ఒక చిన్న కాగితం కవరు తీసి, రెండు చేతులతో ఆవిడకు అందించింది. అందులో గుప్పెడు చెక్కపొట్టు ఉంది. పైన అంటించిన చీటీ మీద ఒకటే మాట.

బుల్లోడు.