టికెట్ల కిటికీలో అమ్మ

రేవు దగ్గర ఐదో తరగతి పిల్లలు వరుసలో నిలబడి తోసుకుంటున్నారు. టీచర్ వాళ్ళను లాంచీలో అవతలి ఒడ్డుకు తీసుకెళ్తోంది. వసపిట్ట మాత్రం మెల్లగా వరుస చివరికి జారుకుంది.

ఆ పిల్ల నోరు ఒక్క క్షణం మూతపడదని అందరూ వసపిట్ట అనే పిలుస్తారు. ఆ నోరే ఇవాళ కొంప ముంచింది. లాంచీ నడిపే సారంగు మా అమ్మేననీ, రేపు నాచేత హారన్ కొట్టిస్తుందనీ నిన్న క్లాసంతటికీ చెప్పేసింది.

నిరుడైతే అది నిజమే. అమ్మ తెల్ల చొక్కా వేసుకుని చుక్కాని ముందు నిలబడేది. తెల్లవారకముందే వెళ్ళి, పిల్లలు నిద్రపోయాక వచ్చేది. నాన్నకు ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఒక సెలవు రోజున అమ్మ ఎత్తుకోబోతే తమ్ముడు కొత్త మనిషిని చూసినట్టు మొహం తిప్పుకుని, పక్కింటి అత్తయ్య మెడ కరుచుకున్నాడు. ఆ వారమే అమ్మ సారంగు పని వదులుకుని, అదే రేవులో టికెట్ల కౌంటర్‌లో చేరింది. ఇప్పుడు మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటోంది.

వసపిట్ట వంతు వచ్చింది. కిటికీలోంచి అమ్మ నవ్వింది.

"ఈవిడ నీకు తెలుసా?" అని ముందున్న స్నేహితురాలు అడిగింది.

"తెలీదు."

అమ్మ నవ్వు ఆగిపోయింది. టికెట్ చింపి ఇచ్చి, "అంచున నిలబడకు పాపా" అంది. ఇంట్లో ఆమె ఎప్పుడూ పాపా అనదు.

లాంచీలో సారంగు ఎవరో మగమనిషి. అమ్మ ఇవాళ సెలవు పెట్టిందని వసపిట్ట ఇంకో అబద్ధం ఆడింది. హారన్ మోగింది. వెనక్కి తిరిగి చూస్తే, అమ్మ కౌంటర్‌లోంచి బయటికొచ్చి రేవు చివర నిలబడి ఉంది. తనకోసమే అనుకుని వసపిట్ట చెయ్యి సగం ఎత్తింది. అమ్మ ఆమెను చూడటం లేదు. లాంచీ మలుపు తిరగడం చూస్తోంది. రాని మనిషి కోసం గుమ్మంలో నిలబడే వాళ్ళ చూపు అది. నిరుడు సాయంత్రాలు వసపిట్ట కూడా అలాగే నిలబడేది.

ఆ తర్వాత దారంతా ఆమె నోరు విప్పలేదు. కడుపునొప్పా అని టీచర్ అడిగింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ తమ్ముడికి తినిపిస్తోంది.

"అమ్మా, పొద్దున తెలీదన్నాను."

"విన్నాను" అని అమ్మ తమ్ముడి మూతి తుడిచింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

"నీకు లాంచీ మీద బెంగగా ఉందా?"

అమ్మ ఇంకో ముద్ద కలిపింది. "ఉంది. హారన్ వినబడితే చేతిలో టికెట్ చేతిలోనే ఉండిపోతుంది."

"మరెందుకు మానేశావు?"

"అక్కడున్నప్పుడు మీ మీద ఇంతకన్నా బెంగగా ఉండేది."

వీడు బడికి వెళ్ళే వయసొచ్చాక మళ్ళీ అడుగుతాననీ, అప్పుడు ఆ పని ఇస్తారో ఇవ్వరో తెలీదనీ చెప్పింది.

మర్నాడు ఒంటిపూట బడి. వసపిట్ట ఆ స్నేహితురాలిని చెయ్యి పట్టుకుని రేవుకు లాక్కొచ్చింది. దారిలో పక్కింటి అత్తయ్యనూ, తమ్ముణ్ణీ వెంటబెట్టుకుంది.

"ఈవిడే మా అమ్మ. టికెట్లు ఇస్తుంది. నిన్న నీకు అబద్ధం చెప్పాను" అంది.

స్నేహితురాలు కిటికీలోకి తొంగిచూసి, "అయితే నువ్వు హారన్ కొట్టడం లేదా?" అని దిగాలుగా అడిగింది. అమ్మకు నవ్వాగలేదు.

డ్యూటీ ముగించి బయటికొచ్చిన అమ్మ చేతిలోంచి వసపిట్ట సంచి లాక్కుంది.

"ఒక్కసారి అవతలికి వెళ్ళి రా. తమ్ముణ్ణి నేనూ అత్తయ్యా చూసుకుంటాం."

వీడు ఏడుస్తాడేమోనని అమ్మ సందేహించింది. అత్తయ్య వెళ్ళమన్నట్టు తలూపింది. లాంచీ మీది సారంగు ఒకప్పుడు అమ్మ దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆమె ఎక్కడం చూసి చుక్కాని దగ్గర్నుంచి పక్కకు జరిగాడు.

లాంచీ కదలగానే వసపిట్ట చంకలో ఉన్న తమ్ముడు రెండు చేతులూ చాపి ఏడుపు అందుకున్నాడు. వసపిట్ట నోరు తెరిచింది. అమ్మా అని ఒక్క కేక వేస్తే చాలు, అమ్మ తిరిగి చూస్తుంది.

కేక వెయ్యలేదు. తమ్ముణ్ణి రెండో భుజం మీదికి మార్చుకుని, వాడి వీపు నిమురుతూ రేవు మీద అటూ ఇటూ నడవసాగింది.