సున్నం కింద పేరు

"ఆ బ్రష్షు కాస్త ఆపండి!"

సమాధుల పండుగకు ముందురోజు. పర్చూరు సమాధుల తోటలో నాయనమ్మ సమాధికి సున్నం వేస్తున్న జక్రయ్య వెనక్కి తిరిగాడు. గుంటూరు నుంచి వచ్చిన రీసెర్చ్ స్కాలర్ మాధురి ఒగరుస్తూ నిలబడి ఉంది.

"సున్నం మీమీద పడిందాండీ?"

"అక్షరాలమీద పడుతోంది."

మాధురి వెతుకుతున్నది హనుమాయమ్మ అనే కథకురాలిని. 1964లో ఆమె దేవదానం మాస్టారిని పెళ్లాడినందుకు కన్నవారు, ఆమె బతికుండగానే చనిపోయిందని తిలోదకాలు వదిలారు. ఆ కబురు నమ్మి ఒక పత్రిక సంతాపం అచ్చువేసింది. తర్వాత ఆమె పంపిన కథను, చనిపోయిన మనిషి పేరుతో ఎవరో ఆకతాయి రాశాడని సంపాదకుడు పక్కన పడేశాడు. ఆ కవరుమీది చిరునామా మాధురిని ఈ ఊరికి తెచ్చింది; మాస్టారి భార్య సమాధి ఇదేనని ఊళ్లో చెప్పారు. ఆమె ఆ తర్వాతా బతికుందన్న ఆధారం చూపకపోతే, థీసిస్‌లో ఆమెమీది అధ్యాయం తీసేయమన్నారు గైడు.

"మా నాయనమ్మ పేరు మార్తమ్మండీ. కలం పట్టగా నేనెప్పుడూ చూళ్లేదు."

"మీరు పుట్టేనాటికి మానేసి ఉంటారు. కొంచెం గీకి చూడనా?"

"ఇరవై ఏళ్ల సున్నమండీ ఇది! మా నాన్న వేసింది, నేను వేసింది. చాకు పెడతానంటారేంటి?"

మాధురి సంచి తెరిచింది. ఆ కథ జిరాక్సు అతని చేతికిచ్చింది. మిరప కల్లంలో కాయల రాశి వెనక నక్కి, రోడ్డున వెళ్తున్న పుట్టింటి బండిని చూసే కోడలి కథ.

రెండో పేజీలో జక్రయ్య ఆగిపోయాడు. "ఇది... అన్నం పెడుతూ నాకు చెప్పేదండీ. చివర్లో ఎందుకో కొంగు అడ్డం పెట్టుకునేది."

రాతిమీద నీళ్లు పోసి, చాకు తనే పట్టాడు. పొర కింద పొర. మధ్యాహ్నానికి పేరు బయటపడింది.

మార్తమ్మ. దాని కింద: హనుమాయమ్మ, కథకురాలు. 1942–2004.

"తాతయ్య చెక్కించిన రాయి," అన్నాడతను. "మేమేమో ఏటా ముద్దుగా పూడ్చుకుంటూ వచ్చాం."

మాధురి ఆ అక్షరాలను వేలితో తడిమింది. జక్రయ్య సున్నం బకెట్టు దగ్గరికి లాక్కున్నాడు.

"రేపు సమాధి తెల్లగా లేకపోతే మా అమ్మ ఊరుకోదండీ. సున్నం నేను వేస్తా, అక్షరాలకు నల్లరంగు మీరు దిద్దండి."

"వానకు పోతుందిగా?"

"అందుకే ఏటా రావాలి మరి." అనేశాక అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఏటా వస్తే మా నాన్న నాక్కూడా తిలోదకాలు వదుల్తాడేమో!"

జక్రయ్య ముఖంలో నవ్వు ఆరిపోయింది. "అయితే వద్దులెండి."

మాధురి అతని చేతిలోని చాకు తీసి పక్కన పెట్టింది.

"వదిలితే, నేను బతికే ఉన్నానని పత్రికకు నేనే రాస్తాను. ఆ రంగు డబ్బా ఇటివ్వండి."