నాలుగో మనిషి రాని ఆట

సాయంత్రం ఆరు దాటింది. నొయేలియా ఇంకా గోడకేసి టెన్నిస్ బంతి బాదుతూనే ఉంది. ఆడదామంటే ఎదుట మనిషి ఉండొద్దూ? మా క్లబ్బులో టెన్నిస్ నేర్పేది నేనే. పోయినేడు నా దగ్గర పదకొండుమంది పిల్లలు. ఇప్పుడు ఈ ఒక్కతే. స్పెయిన్‌లోని మా మాలగా ఊళ్ళో ఎవర్ని కదిపినా పాదెలే!

పాదెల్ అంటే అద్దాల గోడల మధ్య చిన్న కోర్టు. బంతి గోడకు తగిలి వచ్చినా కొట్టొచ్చు. కాకపోతే నలుగురు లేనిదే ఆట సాగదు.

పక్కనున్న పాదెల్ కోర్టు అద్దాల వెనక ముగ్గురే కనిపించారు. మొన్నటిదాకా నా దగ్గరే టెన్నిస్ నేర్చుకున్న లూర్దెస్, తన కవల తమ్ముళ్ళు. ఇవాళ లూర్దెస్ పుట్టినరోజు. ఈ గంటసేపటికి కోర్టు అద్దె కట్టడం వాళ్ళ పిన్ని ఇచ్చిన కానుక.

"వాళ్ళకి నాలుగో మనిషి ఎవరమ్మా?" అడిగాను.

"నేనే," అంది నొయేలియా, బంతి ఆపకుండా. "వస్తానన్నాను. కానీ వెళ్ళను. అదీ ఒక ఆటేనా కోచ్? ముసలమ్మలు కూడా ఆడేస్తారు! విసుగొస్తే లూర్దెసే ఇటొస్తుంది, చూడండి."

"తప్పు, వెళ్ళు" అనాల్సింది. అనలేదు. లూర్దెస్ మళ్ళీ టెన్నిస్‌కి వస్తుందేమోనని నాకూ ఆశ. ఇంత వయసొచ్చి నా బుద్ధి గడ్డి తింది.

లూర్దెస్ అద్దం దగ్గరికొచ్చి రెండుసార్లు చెయ్యి ఊపింది. తమ్ముళ్ళు కింద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరికారు. గంట అయిపోయింది. తర్వాతి వాళ్ళు లోపలికి వెళ్ళారు.

లూర్దెస్ నేరుగా మా దగ్గరికి వచ్చింది.

"వచ్చావా! రా, ఆడదాం," అంది నొయేలియా సంబరంగా.

"గంటసేపు నిలబడ్డానే నీకోసం. నా పుట్టినరోజున!"

"టెన్నిస్ ఉండగా నీకు ఆ అద్దాల పెట్టె ఎందుకే?"

"రెండేళ్ళు ఆడాను నీతో. నువ్వు కొట్టడం, నేను మూలమూలకీ పరిగెత్తి బంతులేరడం! అంతేగా? అక్కడ బంతి నన్ను దాటిపోయినా గోడ తిరిగి ఇస్తుంది. పక్కన తోడుంటుంది. నవ్వుకుంటాం. నీతో ఆడిన ప్రతిరోజూ ఇంటికెళ్ళి ఏడ్చాను, తెలుసా?"

లూర్దెస్ వెళ్ళిపోయింది. బంతులేరమని రోజూ లూర్దెస్‌నే పంపింది నేను. ఎవరికి చెప్పుకోను?

మర్నాడు నొయేలియా టెన్నిస్‌కి రాలేదు. పాదెల్ కోర్టు దగ్గరికి వెళ్ళింది.

"తప్పయిపోయింది లూర్దెస్. ఇవాళ ఆడతాను," అంది.

"అక్కర్లేదు. పిన్ని వచ్చింది. నలుగురమయ్యాం."

"రేపు?"

"నువ్వు వస్తానంటే ఎలా నమ్మేదే?"

తలుపు మూసుకుంది. నొయేలియా బయట నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఇక ఇంటికి పోతుందనే అనుకున్నాను.

అంతలో తమ్ముళ్ళలో ఒకడు కొట్టిన బంతి అద్దం మీదుగా ఎగిరి, బయట గన్నేరు పొదల్లో పడింది. నొయేలియా కళ్ళు తుడుచుకుని పొదల్లోకి దూరింది. చేతులు గీరుకుపోయాయి. బంతి తెచ్చి లోపలికి విసిరింది. లూర్దెస్ పట్టుకుంది గానీ, ఇటు చూడలేదు.

మరో నాలుగు బంతులు పడ్డాయి. నాలుగూ తనే ఏరింది. గంటసేపట్లో ఎవరూ తనని పలకరించలేదు. అయినా నొయేలియా ఆ పొదల పక్కనుంచి కదల్లేదు.